చిన్నల్లుడి విండో

కంప్యూటరు ముందు కూర్చోగానే పెద్దల్లుడు చేసే మొదటి పని జేబురుమాలుతో స్క్రీను తుడవడం. దుమ్మున్నా లేకున్నా పైనుంచి కిందికి, ఎడమ నుంచి కుడికి తుడుస్తాడు. తర్వాత అదే రుమాలుతో కళ్ళజోడు, ఆ తర్వాత అదే రుమాలుతో బట్టతల. ఆ వరస ఎప్పుడూ తప్పడు.

మనిషి పొడుగు. పొడుగు మనిషి ఏళ్ళ తరబడి బల్ల మీదికి వంగి కూర్చుంటే ఎలా తయారవుతాడో అలాగే తయారయ్యాడు, మెడ ముందుకూ వీపు వెనక్కూ పోయాయి. చొక్కా జేబులో నీలం పెన్ను, ఎర్ర పెన్ను, ఒక చిన్న ప్లాస్టిక్ స్కేలు. ఆ స్కేలుతో ఇప్పుడు పనేమీ లేదు. ఊళ్ళో నీళ్ళ ట్యాంకుల మట్టాన్ని గ్రాఫు కాగితం మీద చేత్తో గీసిన రోజులనాటిది. ‘గీత అంటే నీదేనయ్యా’ అని మెచ్చుకున్నవాళ్ళు ఆఫీసులో ఉండేవారు. వాళ్ళంతా ఎప్పుడో రిటైరైపోయారు.

రుమాలు మడిచి జేబులో పెట్టుకుని తలెత్తాడు. తలెత్తితే ఎదురు బల్ల మీది స్క్రీను వీపు కనిపిస్తుంది. దాని మీద ఒక చీటీ అతికించి ఉంది. లావుపాటి నల్ల పెన్నుతో, బండి వెనకాల రాయించుకున్నట్టు గుండ్రటి అక్షరాలు: ‘నన్ను చూసి ఏడవకు.’

చీటీకి ఒక మూల జిగురు ఊడింది. ఫ్యాను గాలికి లేచి పడుతోంది. ఈ వారంలో ఊడిపోతుందిలే అనుకున్నాడు పెద్దల్లుడు. కిందటి వారం కూడా అలాగే అనుకున్నాడు.

ఆ స్క్రీను చిన్నల్లుడిది. ఇద్దరూ ఒకే ఇంటి అల్లుళ్ళు. అక్కను చేసుకున్నవాడు పెద్దల్లుడు, చెల్లెల్ని చేసుకున్నవాడు చిన్నల్లుడు. నీళ్ళ ఆఫీసులోనూ ఇద్దరిదీ ఒకే గది కావడంతో ఇంట్లో పిలుపులే ఇక్కడికీ పాకాయి. పై అధికారి మేడం దగ్గర్నుంచి పంపు ఆపరేటరు దాకా అందరూ పెద్దల్లుడు గారూ చిన్నల్లుడు గారూ అనే అంటారు. చిన్నల్లుడికి ఈ ఉద్యోగం సంగతి చెప్పి, పైవాళ్ళ కాళ్ళావేళ్ళా పడి ఇప్పించింది పెద్దల్లుడే. మరదలు బతిమాలింది కదా అని ఇప్పించాడు. కొరివితో తల గోక్కోవడమంటే అదేనని తర్వాత తెలిసింది.

అంతకుముందు అత్తవారింట్లో ఫ్యాను కింద కుర్చీ ఈయనదే. చిన్నల్లుడు రాగానే మామగారు ఆ కుర్చీని గోడ దగ్గరికి జరిపి, కింద చాప పరిపించాడు. ‘అందరం కలిసి కూర్చుందాం, చిన్నల్లుడు కబుర్లు చెబుతాడు’ అన్నాడు. కబుర్లు చెప్పడం ఒక విద్యా? పెద్దల్లుడు గోడ దగ్గరి కుర్చీలో ఒక్కడే కూర్చున్నాడు. మొదటిసారి కడుపులో మంట పుట్టింది ఆ కుర్చీలోనే. అప్పట్నుంచి అది ఆరింది లేదు. చిన్నల్లుడికి జుట్టు ఊడకపోవడం కూడా తనను ఏడిపించడానికేనని ఆయన గట్టి నమ్మకం. పైగా ‘మీరు’ అనాల్సిన మనిషిని పట్టుకుని ‘అన్నయ్యా, నువ్వు’ అంటాడు. అది చూసి అందరూ ఎంత ప్రేమో అంటారు.

ఇక ఆఫీసు సంగతి. ట్యాంకుల్లోని సెన్సర్లు నిమిష నిమిషానికీ నీటి మట్టాన్ని పంపుతాయి. ఆ అంకెల్ని చేరదీసి, అబద్ధమాడే సెన్సర్లను పట్టుకుని, తప్పుడు అంకెల్ని ఏరేసి, గంటవారీ సగటు తేల్చేది పెద్దల్లుడి గణాంకాల ప్రోగ్రాం. అది ఎవరికీ కనిపించదు. అది తేల్చిన లెక్కను తీసుకుని స్క్రీను మీద నీలం గీతగా చూపించేది చిన్నల్లుడి విండో. అందులో బటన్లుంటాయి. ఒకటి నొక్కితే ఇవాళ్టి గీత, ఇంకొకటి నొక్కితే నిన్నటిది. గీత మీద ఏ చుక్క దగ్గర కర్సర్ పెట్టినా బుడగలాంటిది పైకొచ్చి, ఇది ఫలానా గంట, ఇంత నీరు అని చెబుతుంది. కింద పంపు గదిలో గోడకున్న పెద్ద స్క్రీను మీద కూడా ఇదే విండో. ఆ గీత దిగితే పంపు వేస్తారు, ఎక్కితే ఆపుతారు. ‘గ్రాఫు భలే ఉందండీ చిన్నల్లుడు గారూ’ అంటారు అందరూ. లెక్క ఎవరిదని ఒక్కరూ అడగరు. సొమ్మొకడిది, సోకొకడిది.

ఒకరోజు ఇంట్లో ఈ మాటే అంటుంటే భార్య విసుక్కుంది. “ఎందుకండీ అస్తమానం ఆయన మీద పడి ఏడుస్తారు?” అంది. అక్కడే ఉన్న చిన్నల్లుడు పడీ పడీ నవ్వాడు. మర్నాడు ఆఫీసుకు వచ్చేసరికి స్క్రీను వీపున ఈ చీటీ ఉంది. చదవాలంటే పెద్దల్లుడి కుర్చీలోంచే చదవాలి. ఇంకెవరికీ కనిపించదు.

ఫోను మోగింది. పంపు ఆపరేటరు.

“పెద్దల్లుడు గారూ, గీతకు పిచ్చెక్కినట్టుందండీ. ముందుకెళ్తోంది, మళ్ళీ గిర్రున వెనక్కొస్తోంది. కోడి కెలికినట్టుంది.”

“విండో నాది కాదు కదా.”

“తెలుసండీ. ఆయన లేరుగా మరి.”

ఆయన లేడు. పిత్తాశయంలో రాళ్ళు. ఇవాళ పొద్దున్నే ఆపరేషన్. చిన్నదేనట, రేపో ఎల్లుండో ఇంటికి పంపిస్తారట. భార్య తెల్లారగానే చెల్లెలికి తోడుగా హాస్పిటల్‌కు వెళ్తూ చెప్పులేసుకుని ఆగింది. “ఇవాళ ఒక్కరోజైనా ఆయన మీద పడి ఏడవకండి. ఆపరేషన్ బల్ల మీద ఉంటాడు” అంది. సాయంత్రం వస్తానన్నాడు పెద్దల్లుడు. పొద్దున్నే వెళ్ళొచ్చు, కానీ వెళ్ళబుద్ధి కాలేదు. నిన్న మేడం స్వయంగా వెళ్ళి చూసొచ్చింది. పంపు ఆపరేటరు పళ్ళు పట్టుకెళ్ళాడు. తన హెర్నియా ఆపరేషన్‌కు ఎవరొచ్చారు? భార్య, ఈ చిన్నల్లుడు. చిన్నల్లుడు మంచం పక్కన కూర్చుని చెప్పే కబుర్లకు నర్సులు ముచ్చటపడి, మంచం మీదున్నవాణ్ణి వదిలేసి కుర్చీలో ఉన్నవాణ్ణి పలకరించారు. జబ్బులో కూడా వాడిదే పైచేయి.

పెద్దల్లుడు విండో తెరిచి చూశాడు. నిజమే. నీలం గీత ఎడమ నుంచి బయల్దేరి బుద్ధిగా ఒక అడుగు వేసి, ఒక్కసారిగా ఎగిరి దూరంగా పడుతోంది. అక్కణ్ణుంచి వెనక్కి లంఘించి, మళ్ళీ ముందుకు దూకుతోంది. కాలం వెనక్కి నడుస్తుందా? ఆయన చూస్తూ ఉండిపోయాడు. తర్వాత పెదవుల మీద నవ్వులాంటిది వచ్చింది.

అంతలో మేడం వచ్చింది. పొట్టి మనిషి, భుజాన సంచితో, ఎప్పుడూ నడుస్తూనే మాట్లాడుతుంది. ఇప్పుడు మాత్రం ఆగింది.

“ఏమైందండీ? అక్కడ కళ్ళు మూసుకుని పంపు వేస్తున్నారు.”

“విండో మేడం. విండోలో ఏదో తప్పుంది.”

“ఫోన్ చేసి అడుగుదామంటే ఆయన ఆపరేషన్‌లో ఉంటారు. మీరు చూడగలరా?”

“చూస్తాను. తప్పెవరిదో తేల్చి చూపిస్తాను.”

“ఎవరిదైతే ఏముందండీ, గీత బాగుపడితే చాలు.”

“ఎవరిదో తెలియాలి మేడం” అన్నాడు. గొంతు తను అనుకున్నదాని కంటే గట్టిగా వచ్చింది.

మేడం వెళ్ళిపోయింది. కిందటి వారమే చెప్పింది, చిన్నల్లుడు హాస్పిటల్ నుంచి రాగానే ఈ గదికి ఇన్‌ఛార్జిగా పెడతానని. ముందు చేరినవాడు తను. ఇక రేపట్నుంచి సెలవు కావాలంటే తోడల్లుణ్ణి అడగాలి. ఆ మాట విన్నప్పట్నుంచి పెద్దల్లుడికి అన్నం సరిగ్గా దిగడం లేదు. ఇవాళ దేవుడే కళ్ళు తెరిచాడు. మధ్యాహ్నం లోపు ఈ తప్పు చిన్నల్లుడిదని మేడం ముందు పెడితే చాలు. ఆ విండో పైపై మెరుపని, అసలు పని తనదని ఒక్కసారి, ఒకే ఒక్కసారి ఎవరైనా ఒప్పుకుంటే చాలు.

నిన్నటిదాకా విండో చిన్నల్లుడి కంప్యూటర్లోనే నడిచేది. మనిషి సెలవులో ఉన్నాడు కదా, దాన్ని మీ కంప్యూటర్‌లోకి మార్చుకోండని మేడం చెబితే ఇవాళ పొద్దుట్నుంచి ఇక్కడ నడిచేలా నిన్న సాయంత్రం ఈయనే మార్చాడు. ఆ ఫైళ్ళ మధ్యలో చిన్న ఫైలొకటి కనబడింది. దాని పేరు, ఇంగ్లీషు అక్షరాల్లో, ‘అన్నయ్య’. వెనక చీటీ చాలక లోపల కూడా వెక్కిరింతా అని ఒళ్ళు మండింది. అందులో ఏముందో తెరిచి చూడలేదు. పేరు చూశాడు, చెత్తబుట్టలో పారేశాడు. దాన్ని పిలిచే వరసొకటి విండో ప్రోగ్రాంలో ఉంటే అదీ కొట్టేశాడు. ఇంటికెళ్ళి అన్నం తిన్నాడు. చాలారోజుల తర్వాత మారు వడ్డించుకున్నాడు.

ఆ ఫైలు సంగతి పొద్దున్నుంచీ బుర్రలో ఒక మూల కదులుతూనే ఉంది. అటు చూడదలుచుకోలేదు. ముందు విండో సంగతి పట్టాడు. బటన్లు ఒక్కొక్కటే విప్పాడు. గీత గీసే భాగాన్ని వరస వరసగా చదివాడు. రంగు, మందం, అంచులు, కింద గంటలు, పక్కన అడుగులు. అంతా శుభ్రంగా ఉంది. విండో మూసి మళ్ళీ తెరిచాడు, పాత బొమ్మేమైనా అంటుకుపోయిందేమోనని. కాదు, గీత మళ్ళీ అలాగే గెంతింది. నిన్నటి లెక్క పెట్టి చూశాడు, మొన్నటిది పెట్టి చూశాడు. అవీ కోడి కెలుకుడే. చిన్నల్లుడి రాత ఎక్కడ పట్టుకున్నా జారిపోతోంది, తప్పు దొరకదు. ఇంత శుభ్రంగా రాస్తాడని ఆయనకు తెలీదు. తెలిసినందుకు సంతోషం కలగలేదు.

టీ వచ్చింది, చల్లారింది. కింద నుంచి పంపు ఆపరేటరు రెండోసారి ఫోన్ చేశాడు. మూడోసారి చేస్తే ఎత్తలేదు.

చివరికి విసుగొచ్చి ఆ మొన్నటి గీత మీదే కర్సర్ పెట్టాడు. బుడగ పైకొచ్చింది. ఆ బుడగంటే ఆయనకు ఒళ్ళుమంట, నీళ్ళ లెక్కకు బుడగలెందుకని ఎన్నోసార్లు సణిగాడు. మొదటి చుక్క సున్నా గంట. పక్క చుక్క ఒంటిగంట. ఆ పక్క చుక్క పది గంటలు.

కర్సర్ ఆగిపోయింది. నెమ్మదిగా జరిపాడు. పది తర్వాత పదకొండు, పన్నెండు, అలా పంతొమ్మిది దాకా. అక్కణ్ణుంచి వెనక్కి ఎగిరి రెండు. రెండు తర్వాత ఇరవై. ఇరవైమూడు దాకా పోయి, మళ్ళీ వెనక్కి, మూడు.

అది చాలు. ఈ పనిలో ఉన్నవాడెవడికైనా అది చాలు. గంటలు అంకెలుగా కాక అక్షరాలుగా నమోదైతే వాటికి విలువుండదు, నిఘంటువులో మాటల్లా వరస కడతాయి. ఒకటి అంకెతో మొదలైందని ఒకటి పక్కన పది, రెండుతో మొదలైందని రెండు పక్కన ఇరవై. విండో పాపం ఇచ్చింది ఇచ్చినట్టు గీసింది. ఇచ్చింది ఎవరు?

తన ప్రోగ్రాం రాసిపెట్టిన లెక్కను తెరిచాడు. అది తెరిచి చూడ్డం ఇదే మొదటిసారి. వండినవాడు తన కూర రుచి చూసుకోనట్టు, ఇన్నేళ్ళూ వండి పంపాడే కానీ నోట్లో వేసుకోలేదు. సున్నా, ఒకటి, పది, పదకొండు. తన చేతి లెక్కే. అచ్చు తీసినప్పుడు అందంగా ఉంటుందని మొదట్లో గంటల్ని అక్షరాలుగా మార్చిన మాట ఇప్పుడు గుర్తొచ్చింది. ఆ తప్పు పుట్టింది విండో పుట్టకముందే.

చెత్తబుట్ట తెరిచాడు. ‘అన్నయ్య’ అందులోనే ఉంది. తెరిస్తే రెండే రెండు వరసలు. గంటల్ని అంకెలుగా మార్చు. కాలం ప్రకారం పేర్చు. ఇంకేమీ లేదు. వెక్కిరింత లేదు, జోకు లేదు. అన్నయ్యది కోడి కెలుకుడు అని తెలిసి, దాన్ని ఇక్కడ ఆపి, వరస కట్టి, అప్పుడు లోకానికి చూపించాడు చిన్నల్లుడు. ఏళ్ళ తరబడి. పైకి ఒక్క మాట అనలేదు.

పెద్దల్లుడికి కళ్ళు తెరుచుకోలేదు. మండింది. ఎప్పుడూ మండనంతగా మండింది. చెప్పొచ్చు కదా? నవ్వుతూనైనా చెప్పొచ్చు కదా? చెప్పి ఉంటే పోట్లాడేవాడు, సరిచేసేవాడు, అక్కడితో తీరిపోయేది. జుట్టు వాడిదే, కబుర్లు వాడివే, మామగారి పక్కన చాప వాడిదే. ఇప్పుడు మంచితనం కూడా వాడిదేనా? తనకంటూ ఏం మిగిల్చాడు?

తన ప్రోగ్రాంలో ఒక వరస మార్చాడు. నిమిషం పట్టలేదు. గంటలు అంకెలయ్యాయి, గీత నీళ్ళలాగా సాఫీగా సాగింది. ‘అన్నయ్య’ను చెత్తబుట్టలోనే వదిలేసి, లేచి, నడుం సవరించుకుని, మేడం గదికి వెళ్ళాడు.

“విండోలో తప్పు మేడం. సరిచేశాను.”

“హమ్మయ్య. ఇన్నాళ్ళూ బాగానే వచ్చేదే?”

“పైకి బాగానే ఉంటుంది మేడం. లోపల డొల్ల.”

మేడం కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. “అలాగా” అంది. “సరే, ఇన్‌ఛార్జి సంగతి ఇంకోసారి చూద్దాం లెండి.”

వరండాలో నడుస్తుంటే వీపు దానంతటదే నిటారైంది. ఇన్నేళ్ళలో మొదటిసారి గెలిచాడు. తలుపు దాకా వచ్చాడో లేదో జేబులో ఫోను కదిలింది.

“ఏవండీ” అంది భార్య. వెనక ఎవరో పెద్దగా ఏడుస్తున్నారు. మరదలి గొంతు.

“ఆపరేషన్ బాగానే అయింది. బయటికి తెచ్చారు. మాట్లాడాడు కూడా.”

“ఊ.”

“అన్నయ్య వచ్చాడా అని అడిగాడు. సాయంత్రం వస్తారన్నాను. సరేలే, పని ఉండుంటుంది, కంగారు పెట్టకండి అన్నాడు. తర్వాత గుండె ఆగిపోయిందండీ. ఎంత చూసినా మళ్ళీ రాలేదు.”

ఫోను చెవి దగ్గరే పట్టుకుని నిలబడ్డాడు. వరండా చివర కుళాయి కారుతోంది. ఎవరో కట్టేయాలి అనుకున్నాడు.

కబురు క్షణాల్లో పాకింది. మేడం గదిలోంచి బయటికొచ్చి ఎవరి చేతులో పట్టుకుని ఏడ్చింది. పంపు ఆపరేటరు కింద నుంచి వచ్చి మెట్ల మీద కూలబడి, నూనె చేతులతోనే మొహం కప్పుకున్నాడు. పెద్దల్లుడు వాళ్ళందర్నీ చూశాడు. నేను పోతే ఇంతమంది ఏడుస్తారా అనిపించింది. అనిపించాక ఆ తలపు ఎవరిదోలే అన్నట్టు అటూ ఇటూ చూశాడు. తనదే. చచ్చినవాడి మీద కూడా పడి ఏడుస్తున్నాడు. కంట్లోంచి మాత్రం చుక్క రాలేదు.

మేడం దగ్గరికి వెళ్ళాడు.

“మేడం, ఇందాకటి మాట. తప్పు విండోది కాదు. నాది.”

మేడం తడి కళ్ళతో చూసింది. ఆయన చేతిని రెండు చేతుల్లోకి తీసుకుంది.

“పోయినవాడి మీద మాట పడనివ్వరు. ఎంత మంచివారండీ మీరు.”

“కాదు మేడం. నిజంగానే నాది. మొదట్నుంచీ నాదే.”

“ఇప్పుడా మాటలెందుకండీ. ఆయన మిమ్మల్ని ఊరికే అన్నయ్యా అనలేదు. వెళ్ళండి, మీరు అక్కడ ఉండాలి. బండి చెప్తాను.”

పక్కనున్నవాళ్ళు తలూపారు. జీవితమంతా ఎదురుచూసిన మాట, ‘ఎంత మంచివారండీ మీరు’. ఎవరైనా అంటే బాగుండునని అత్తవారింటి కుర్చీలో, ఈ కుర్చీలో, అన్ని కుర్చీల్లోనూ కూర్చుని ఎదురుచూసిన మాట. ఇప్పుడు పదిమందిలో వచ్చింది. అబద్ధమని చెప్పినా ఎవరూ తిరిగి తీసుకోవడం లేదు.

బండి వచ్చేలోగా గదిలోకి వచ్చాడు. ఈసారి స్క్రీను తుడవలేదు. కూర్చుని, పొద్దున తన ప్రోగ్రాంలో మార్చిన వరసను మళ్ళీ పాతలాగే రాశాడు. తన తప్పు మళ్ళీ దాని చోటికి అది వచ్చింది. నీలం గీత వెంటనే కోడి కెలికినట్టు అయిపోయింది. చెత్తబుట్టలోంచి ‘అన్నయ్య’ను తీసి విండోలో మునుపున్న చోటే పెట్టాడు, దాన్ని పిలిచే వరసను తిరిగి రాశాడు. గీత ఒకసారి అదిరి, వరసకొచ్చి, ఎడమ నుంచి కుడికి సాగిపోయింది. ఇవాళ్టికీ రేపటికీ కూడా అలాగే సాగుతుంది, ‘అన్నయ్య’ అందులో ఉన్నంత కాలం.

కింద బండి హారన్ వినిపించింది. లేచి ఎదురు బల్ల దగ్గరికి వెళ్ళాడు. కుర్చీ కాస్త వెనక్కి జరిపి ఉంది, ఇప్పుడే లేచి టీకి వెళ్ళినట్టు. స్క్రీను వీపున చీటీ మూల లేచి పడుతోంది. బొటనవేలితో అదిమాడు. వేలు తీస్తే లేచింది. మళ్ళీ అదిమి పట్టుకున్నాడు. హారన్ మళ్ళీ మోగింది. ఈసారి వేలు తీయలేదు.

వేలి కింద కాగితం వణుకుతోంది. దాని మీద అంచులు వెలిసిన గుండ్రటి నల్లటి అక్షరాలు: నన్ను చూసి ఏడవకు.